అందరికీ ఇడ్లీ

పోయిన ఆదివారం బెంగుళూరులో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని, మధ్యాహ్నం ఏ హోటల్లో తినాలో తేలక మేము ఐదుగురం కడుపులు మాడ్చుకున్నాము. ఇంట్లో బియ్యం లేకనో, గ్యాసు అయిపోయో కాదు. ఆ రోజు మా పెళ్లిరోజు, పెళ్లిరోజున అమ్మ పొయ్యి ముట్టకూడదని మా అమ్మాయి పట్టుదల. సరే కానీయమని నేనూ మంచి చీర కట్టుకుని సిద్ధమయ్యాను. అప్పుడు మొదలైంది భాగోతం. మా అమ్మాయి ఒక ఫోను, అల్లుడు ఒక ఫోను, కాలేజీకి వెళ్లే మనవరాలు ఒక ఫోను పట్టుకుని తలలు వంచారు. ఒక హోటలుకు నక్షత్రాలు తక్కువట. ఇంకొకదానికి నక్షత్రాలు బాగానే ఉన్నాయి గానీ, ముక్కూమొహం తెలియని వాడెవడో పప్పులో ఉప్పెక్కువైందని దాని కింద రాసి పెట్టాడట. మూడోది అన్ని విధాలా బాగుందట, కారు నిలపడానికి చోటు లేదట. నాలుగోదానికి వెళితే బయట పేరు రాయించుకుని కుర్చీల్లో కూర్చోవాలట, ఆస్పత్రిలో మాదిరి.

మధ్యలో మా మనవరాలు నాకొక ఫోటో చూపించింది. మట్టి మూకుడులో అరిటాకు ముక్క పరిచి, దాని మీద నిమ్మకాయంత సంగటి ముద్ద, ఆ ముద్ద నెత్తిన ఒక కొత్తిమీర ఆకు. అవ్వా, ఇది మీ ఊరి తిండి కదా, ఇక్కడికి పోదామా అని అడిగింది. హిందూపురంలో రోజూ తినే సంగటిని, అదీ నిమ్మకాయంత ముద్దను, బెంగుళూరు దాకా వచ్చి తినమంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా ఈడువాళ్లు ఇది చదువుతున్నట్లయితే మీ ఇళ్లల్లోనూ ఇదే జరుగుతుంటుందని నాకు తెలుసు, అందుకే ఇంత ధైర్యంగా విసుక్కుంటున్నాను. తిండి ఎంచుకోవడానికి పట్టినంత సేపట్లో నేను పదిమందికి వండి, వడ్డించి, గిన్నెలు కూడా కడిగేదాన్ని.

అయితే నాకు అసలు కోపం వచ్చింది పిల్లల మీద కాదు. ఇంత గందరగోళంలోనూ మా ఆయన కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. మా అమ్మాయి వెళ్లి, నాయనా నీకేం తినాలని ఉందో చెప్పు, దాన్నిబట్టి చూస్తాం అన్నది. ఆయన పేపరు మీదినుంచి తల ఎత్తకుండా, "మీ అమ్మ ఏదంటే నాకూ అదే" అన్నాడు.

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో మీకు అర్థం కావాలంటే నన్ను కొంచెం వెనక్కు పోనివ్వాలి.

నేను పుట్టి పెరిగింది పెనుకొండలో. మా నాయన అక్కడ బడిలో గుమాస్తా. నేను ఒక తరగతి పాసై పై తరగతికి వెళ్లిన ప్రతిసారీ ఆయన నన్ను బస్టాండు దగ్గరున్న రేకుల హోటలుకు తీసుకెళ్లేవాడు. మా తమ్ముళ్లను కాదు, నన్నొక్కదాన్నే, అదే నాకు గొప్ప. నల్లబడిన బల్ల ముందు నన్ను కూర్చోబెట్టి, తాను ఎదురుగా కూర్చుని, "ఏం తింటావు పాపా? బాగా యోచన చేసి చెప్పు, తొందరేం లేదు" అనేవాడు. ఆ హోటల్లో దొరికేవి రెండే రెండు. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని, దానికి తోడు మిరపకాయ బజ్జీ, ఇది ఒక రకం, దోసె ఇంకో రకం. అయినా నేను చాలాసేపు ఆలోచించేదాన్ని. ఉగ్గాని అందామంటే పెనం మీద దోసె చుయ్యిమనేది, దోసె అందామంటే బజ్జీల వాసన ముక్కుకు తగిలేది. హోటలాయన గరిటె పట్టుకుని నిలబడి, ఏమప్పా, ఉండేది రెండు రకాలు, దీనికి ఇంత యోచననా అని మా నాయనను ఎగతాళి చేసేవాడు. నాయన మాత్రం కదిలేవాడు కాదు. నేను చెప్పేదాకా ప్రపంచంలో ఇంకే పనీ లేనట్టు కూర్చునేవాడు. అప్పుడు ఏం తిన్నానో ఇప్పుడు సరిగా గుర్తులేదు గానీ, అడిగినప్పటి ఆయన మొహం మాత్రం గుర్తుంది.

అట్లా అడిగించుకుని పెరిగిన పిల్లను తెచ్చి హిందూపురంలో ఇచ్చారు. మా మామకు చింతపండు మండీలో వ్యాపారం. మాట కరుకు, మనసు మంచిది అని సంబంధం చూసినవాళ్లు చెప్పారు. రెండు మాటలూ నిజమే. పెళ్లి చీరలకు రెండు వైపులవాళ్లమూ ధర్మవరంలో కలుసుకున్నాము. ధర్మవరం సంగతి మీకు చెప్పేదేముంది, అక్కడ చీర కొనడమంటే ఒక పూటలో తేలే పనా? మా మామ మొదటి అంగడిలోనే పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఉన్న చీరలన్నీ దింపించాడు. అంచు తిప్పి చూశాడు, కొంగు విప్పించాడు, వెలుతురులోకి తీసుకెళ్లి రంగు చూశాడు, పాపకు ఏది నచ్చితే అదే అని నాకు నాలుగుసార్లు చెప్పాడు. నేను పొంగిపోయాను. మా నాయన లాంటి మనిషే దొరికాడు అనుకున్నాను.

అక్కణ్ణుంచి అందరం పక్కనే ఉన్న హోటలుకు వెళ్లాము. కుర్చీలు ఇంకా లాగుతూనే ఉన్నాము, మా మామ నిలబడే, సర్వర్‌తో "అందరికీ ఇడ్లీ" అన్నాడు. మా వైపువాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా నాయన అలవాటు కొద్దీ నావైపు తిరిగి, పాపా నువ్వేం అని నోరు తెరిచి, వియ్యంకుడి చూపు తగిలి అక్కడే ఆపేశాడు. సర్వర్‌కు కూడా అంత గుంపు ఒకటే తింటుందని నమ్మకం కుదరలేదేమో, చివర కూర్చున్న పెళ్లికొడుకును మళ్లీ అడిగాడు. ఆయన తలొంచుకుని, "నాకూ అదే" అన్నాడు. మా ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి మాట అది. ఎంత అణకువ, పెద్దలంటే ఎంత గౌరవం అని ఆ రోజు మురిసిపోయాను చూడండి, నన్ను అనుకోవాలి.

పెళ్లయ్యాక తెలిసింది, అది ఆ ఒక్కరోజు మాట కాదని. ఊరు దాటి ఎక్కడికి వెళ్లినా, పెళ్లిబట్టలకైనా, ఆస్పత్రికైనా, హోటల్లో అడుగు పెట్టగానే మామ నోట వచ్చేది ఆ మాటే. దానికి ఒక కథ ఉందని మా అత్త చెప్పింది. మామ వయసులో ఉన్నప్పుడు మండీవాళ్లతో కలిసి బెంగుళూరు వెళ్లి, తిరుగు రైలుకు ముందు హోటల్లో కూర్చున్నారట. ఒకాయన పూరీ అన్నాడట, ఒకాయన దోసె, ఇంకొకాయన అన్నం. ఒకరిది ముందొచ్చింది, ఒకరిది వెనకొచ్చింది. తిన్నవాడు తిన్నట్టు చెయ్యి కడుక్కుని స్టేషను దారి పట్టాడు. అందరికంటే వెనకొచ్చింది మామది. రెండు ముద్దలు తిని, మిగిలింది వదిలి పరుగెత్తేసరికి ప్యాసింజరు కదిలిపోతున్నదట, లోపల కూర్చున్న స్నేహితులు కిటికీలోంచి చేతులూపారట. ఆ చేతులూపడం ఆయన మరచిపోలేదు. ఆ రోజు నుంచి ఇంట్లోవాళ్లకు ఒకటే శాసనం. "ఒకేసారి రావల్ల, ఒకేసారి తినల్ల, ఒకేసారి లేయల్ల." అందరి ముందుకూ ప్లేట్లు వచ్చేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఆయన ఈ చివరినుంచి ఆ చివరకు ఒకసారి చూసి, కానీండి అన్నాకే మొదలు. అందరికంటే నిదానంగా తినే మా అత్త చివరి ముక్క మింగేదాకా ఎవరూ లేవకూడదు. కథ వింటే జాలేసేది గానీ, ఒక రైలు తప్పినందుకు ఒక కుటుంబమంతా జీవితాంతం ఇడ్లీలు తినాలా అని లోపల్లోపల గింజుకునేదాన్ని. అందరూ ఒకటే తినాలంటే అది ఇడ్లీయే ఎందుకు కావాలి? దానికి అత్త చెప్పిన జవాబు ఒకటే, మీ మామకు ఇడ్లీ అంటే పానం గదమ్మా అని.

మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నాకు మసాలా దోసె మీద పడింది మనసు. ఇంట్లో పోసుకునే దోసె కాదు, బెంగుళూరు దోసె. లోపల ఎర్ర కారం పూసి, ఉర్లగడ్డ పెట్టి, పైన వెన్నముద్ద వేసి ఇస్తారు చూడండి, అది. అంతకుముందు వెళ్లినప్పుడు పక్క బల్ల మీద చూశాను, వాసన మాత్రం నావరకు వచ్చింది, దోసె రాలేదు. ఆ నెలల్లో ఏం తిన్నా బయటికి వచ్చేది, ఆ దోసె తలచుకుంటే మాత్రం నోట్లో నీళ్లూరేవి. సరిగ్గా అప్పుడే అత్త కళ్లు చూపించడానికి అందరం బెంగుళూరు బయలుదేరాము. రైల్లో, గౌరిబిదనూరు దాటాక, మామ కునుకు తీస్తుండగా నేను మా ఆయన చెవిలో నా కోరిక చెప్పాను. ఇదేమంత పని, నాయనకు నేను చెప్తాలే అన్నాడు. ఆస్పత్రిలో డాక్టరు ఏం చెప్పాడో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు, నా ధ్యాసంతా దోసె మీదే.

మార్కెట్టు దగ్గర హోటల్లో కూర్చున్నాము. మామ అందరికీ ఇడ్లీ అన్నాడు. సర్వర్ కన్నడంలో, ఎల్లరిగూ ఇడ్లీనా అని మళ్లీ అడిగాడు. నేను బల్ల కింద మా ఆయన కాలు తొక్కాను. ఆయన తల ఎత్తాడు. నోరు తెరిచాడు. అప్పుడు ఆయన, ఎవరూ అడగకపోయినా, "నాకూ అదే" అన్నాడు.

నువ్వే నోరు తెరిచి అడగవచ్చు కదా అని ఇప్పటి పిల్లలు అంటారు. నా ఈడువాళ్లు అనరు. కొత్త కోడలు, నిండు హోటల్లో, మామ చెప్పిన తిండి కాదని తనకు వేరేది కావాలనడమా? నేను సాంబారులో ఇడ్లీ ముంచుకుని, దానితోపాటు కన్నీళ్లు కూడా తిన్నాను. తిరుగు రైల్లో మా ఆయనతో మాట్లాడలేదు. నేనెందుకు మూతి ముడుచుకున్నానో తెలియక ఆయన పాపం ఒక స్టేషనులో దిగి పరుగున వెళ్లి దోసకాయ ముక్కలు కొనుక్కొచ్చాడు, ఉప్పూ కారం చల్లించి. దోసె అడిగితే దోసకాయ ముక్కలు! వాటిని కిటికీలోంచి బయటికి విసిరేద్దామనుకున్నాను గానీ, ఆకలి వేస్తోంది, తినేశాను.

ఆ తరువాత ఎన్నో ఏళ్లు, పిల్లలు పెద్దయ్యేదాకా, మామతో ఎక్కడికి వెళ్లినా ఇడ్లీయే. పిల్లలు ఏడిస్తే వాళ్లకు బయటికొచ్చాక ఐసుక్రీము కొనిచ్చేవాడు, కోడలికి అది కూడా లేదు. ఒకసారి వంటింట్లో గసగసాలు నూరుతూ నేను ఉండబట్టలేక, మామకు ఇంత ఇష్టమైతే వారానికోసారి ఇంట్లోనే ఇడ్లీ వేద్దాం అత్తా, హోటల్లోనన్నా వదిలేస్తారు అన్నాను. అత్త చేతిలో పని ఆపి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "వద్దుమ్మా. ఆయన తృప్తికని ఆడ తింటాండా గానీ, నాకు ఇడ్లీ దిగనే దిగదు. దూది మింగినట్లుంటాది." పాపం, మొగుడి కోసం ఎంత ఓర్చుకుంటోంది అని ఆ రోజు అత్త మీద నాకు చాలా ప్రేమ పుట్టింది.

అత్త పోయింది. మామ ఆ తరువాత కొన్నేళ్లు ఉన్నాడు. పళ్లన్నీ ఊడిపోయాయి, అరుగుదల తగ్గింది, మెత్తటివి పెట్టమని డాక్టరు చెప్పాడు. ఇంకేముంది, ఆయనకు ప్రాణమైనదే కదా అని నేను రోజూ పొద్దున్నే ఇడ్లీ వేసి, పాలంత పలుచటి చట్నీలో నానబెట్టి ఇచ్చేదాన్ని. ఒకరోజు ఆయన ప్లేటును చేత్తో పక్కకు తోశాడు.

"ఇంక ఇది వద్దమ్మా నాకు. నా జన్మంతా తినింది చాలు" అన్నాడు. అదేంటి మామా, మీకు ఇష్టం కదా అన్నాను. "నాకా? నాకు యానాడూ పడల్యా. మీ అత్తకు ఇష్టమని చెప్తాంటి."

నేను ప్లేటు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఈ గోడకు తల కొట్టుకోవాలా, పొట్ట పట్టుకుని నవ్వాలా? ఆమె కోసం ఆయన, ఆయన కోసం ఆమె, వాళ్లిద్దరి కోసం మేమందరం. కాపురం మొదలైనప్పుడెప్పుడో ఆమె ఒకసారి ఆయన పక్కన కూర్చుని ఇడ్లీ బాగుందని అని ఉంటుంది, మర్యాదకు. దాన్ని పట్టుకుని ఈయన ఎన్ని ఊళ్లలో, ఎన్ని హోటళ్లలో మాకు ఇడ్లీలు తినిపించాడో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఊపిరాడదు. ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరు మనుషులు, ఏమ్మే నీకిది నిజంగా ఇష్టమా అని ఒక్కసారి అడిగి ఉంటే పోయేది కదా! అత్త నాతో అన్న మాట నేను ఆయనకు చెప్పలేదు. ఆ వయసులో చెప్పి ఆయనను ఏం చేయాలి?

మరి ఇన్నాళ్లూ మీకేం తినాలని ఉండేది మామా అని మాత్రం అడిగాను. ఆయన పసిపిల్లవాడి మాదిరి సిగ్గుపడ్డాడు. "పూరీ. ఉబ్బి ఉంటాది చూడు, వేలు పెడితే పొగ వస్తాది. ఆ పూరీ, దాంట్లోకి ఉర్లగడ్డ సాగు." డాక్టరు నూనె వద్దన్న సంగతి పక్కన పెట్టి నేను పిండి కలిపాను. బాగా ఉబ్బిన పూరీ ఒకటి పళ్లెంలో పెట్టి ఆయన ముందుకు తీసుకెళ్లాను. ఆయన దాన్ని కొంచెం సేపు చూసి, వేలితో పొడిచాడు. పొగ వచ్చింది. బోసినోటితో నవ్వాడు. తినడానికి పళ్లు లేవు కదా, పాలలో నానబెట్టి తినిపిస్తే సగం తిన్నాడు. ఆ సగం పూరీ తృప్తి ఆయన మొహంలో నేను ఇంతకుముందెప్పుడూ చూడలేదు.

ఆ రోజు నుంచి నాకొక భయం పట్టుకుంది. మామ పోయాక ఇంటికి పెద్దదాన్ని నేనయ్యాను, మా ఆయన తండ్రికి చెప్పిన మాటే నాకు చెప్పడం మొదలుపెట్టాడు. ఏం వండేది అంటే ఏదైనా సరే. కాఫీనా టీనా అంటే నువ్వేం తాగుతాండావో అదే. నేను రకరకాలుగా పరీక్షలు పెట్టాను. ఒకరోజు కావాలనే కూరలో ఉప్పు వేయలేదు, తిన్నాడు. ఇంకోరోజు రెండింతలు వేశాను, అదీ తిన్నాడు, తిని రెండు చెంబుల నీళ్లు తాగాడు. వంకాయ ఇష్టమనుకుని నేను జన్మంతా వండుతున్న వంకాయను వరుసగా ఎన్నో వారాలు మానేశాను, ఒక్కరోజు కూడా వంకాయ ఏదీ అనలేదు. మళ్లీ వండితే వచ్చిందే అని కూడా అనలేదు. గోడతో కాపురం చేసినా ఇంతకంటే జవాబు వస్తుందేమో. ఒక రోజు ఈ మనిషి కూడా ప్లేటు పక్కకు తోసి, నా జన్మంతా తినింది చాలు అంటే నేను ఎక్కడికి పోయి చచ్చేది? ఇన్నేళ్లు పక్కన ఉండి, ఈయనకు ఏమిష్టమో తెలియకుండానే ఇద్దరిలో ఒకరం వెళ్లిపోతామా? అందుకే ఈ పెళ్లిరోజుకు నేను మనసులో గట్టిగా అనుకున్నాను. ఈసారి ఆయన ముందు చెప్పాలి. ఆయన చెప్పేదాకా నేను నోరు విప్పకూడదు.

చివరకు మా అల్లుడు విసుగెత్తి ఫోను జేబులో పెట్టి, ఒక పెద్ద మాల్‌లో అన్ని దేశాల తిండ్లూ దొరికే చోటికి తీసుకెళ్లాడు. అక్కడ మెనూ కార్డు కూడా లేదు. బల్ల మీద అంటించిన నల్లగళ్ల బొమ్మను ఫోనుకు చూపిస్తే అందులో వస్తుందట. తినే ముందు కూడా ఫోనే! మా అల్లుడు బిర్యానీ అన్నాడు. మా అమ్మాయి కొర్రలతో ఏదో చేయమంది. మనవరాలు ఒక పేరు చెప్పింది, అది తిండి పేరో ఊరి పేరో నాకు తెలియలేదు. తరువాత నావైపు తిరిగి, అవ్వా నీకు అన్నది. మీ తాతను అడుగు ముందు అన్నాను. తాత, మీ అవ్వను చెప్పనీ అన్నాడు. నేను చెప్పను అన్నాను. ఆయన గ్లాసులో నీళ్లు తాగాడు. నేనూ తాగాను. సర్వర్ అబ్బాయి ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారాడు. మా అమ్మాయి, ఏందమ్మా చిన్నపిల్లల మాదిరి, వెనకాల జనం కాచుకోనుండారు అని గొణిగింది. ఆయన మాత్రం నావైపే చూస్తున్నాడు, వాన కోసం మోడం వైపు చూసినట్టు.

నా ఓపిక తెగిపోయింది. ఇడ్లీ అన్నాను. కావాలనే అన్నాను. ఆ ఒక్క మాటకైనా మొహం చిట్లిస్తాడేమో చూద్దామని.

"నాకూ అదే" అన్నాడు.

అందరి ముందరే బయటపడ్డాను. మీకు ఇడ్లీ ఇష్టమా, ఒక్కసారన్నా నిజం చెప్పండి అని అడిగాను. మామ పూరీ సంగతి, అత్త దూది సంగతి, కడుపుతో ఉన్నప్పటి మసాలా దోసె సంగతి, నా మనసులో ఇన్నేళ్లుగా ముడి వేసి పెట్టుకున్నదంతా ఆ గాజుబల్ల మీద కుమ్మరించాను. మా అమ్మాయికి అందులో ఒక్కటి కూడా తెలియదు, నోరు తెరుచుకుని వింటున్నది. ఆయన కూడా ఎవరింటి కథో విన్నట్టు ఎంతో శ్రద్ధగా విన్నాడు. విని, "అట్లనా? దోసె సంగతి నాకు గుర్తే లేదే" అన్నాడు. ఇన్నేళ్ల నా దుఃఖం ఆయనకు గుర్తే లేదు! మరి ఇడ్లీ ఇష్టమా కాదా అని మళ్లీ నిలదీశాను. ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఇష్టమో కాదో నేను యానాడూ చూసుకోలే మే" అన్నాడు.

ముందుగా మనవరాలి పళ్లెం వచ్చింది. అది తినేసి స్నేహితురాలితో మాట్లాడాలని ఫోను పట్టుకుని బయటికెళ్లింది. బిర్యానీ వచ్చింది, అల్లుడు తిని, కారు తెస్తానని లేచాడు. కొర్రల వంటకం ఇంకా రాలేదు. మా ఇడ్లీలు వచ్చాయి, చల్లగా, మా అత్త చెప్పినట్టే దూది మాదిరి. పెళ్లిరోజు విందు అట్లా ముగిసింది. ఆ రాత్రి మంచం మీద పడుకుని, ఈ మనిషి నుంచి నాకు ఈ జన్మలో జవాబు రాదు అని తేల్చుకున్నాను.

మరుసటి రోజు పొద్దున రైలుకు హిందూపురంలో దిగాము. స్టేషను బయట ఆటో పిలవబోతుంటే ఆయన సంచీ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఎదురుగా చిన్న హోటలు, పెనం మీద నీళ్లు చల్లి చీపురుతో ఊడుస్తున్నారు. "ఏమ్మే, మసాలా దోసె తింటావా?" అన్నాడు.

మా నాయన తరువాత, హోటలు ముందర నిలబడి ఒక మగమనిషి నన్ను ఏం తింటావని అడగడం అదే మొదలు. లోపల కూర్చున్నాక నేను దోసె అన్నాను, సర్వర్ ఆయనవైపు తిరిగాడు, ఆయన ఏమన్నాడో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పెనం మీద చోటు చాలక ముందుగా ఒక దోసె తెచ్చి ఆయన ముందర పెట్టాడు. వేడివేడిగా, ఎర్రగా, అంచులు కరకరలాడుతూ ఉంది. ఆయన దాన్ని ముట్టలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చల్లారిపోతాది తినండి అన్నాను. నీది రానీ అన్నాడు. పెనం చుట్టూ జనం, నాది ఎంతకీ రాదు. ఆయన దోసె మీది వెన్న కరిగి, ఆరి, అంచులు మెత్తబడి, మధ్యలో కుంగిపోయింది. తినండి మహాప్రభో అని రెండుసార్లు కసిరాను, వినలేదు. నా దోసె వచ్చాక, ఒకసారి దాన్నీ దీన్నీ చూసి, అచ్చం మామ మాదిరే, "కానీ" అన్నాడు. నేను ఇన్నేళ్లు కాచుకున్న దోసెను వేడిగా తిన్నాను, ఆయన చల్లారిపోయిన దోసె తిన్నాడు. నాకు రెండు పళ్లు కదులుతున్నాయి, నిదానంగా తింటాను. ఆయన చివరి ముక్క ఒకటి ప్లేటులో మిగుల్చుకుని, నాది అయ్యేదాకా దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

ఇప్పుడు పిల్లలను ఎవరైనా అడుగుతారు ఏం తింటారని, ఫోను కూడా అడుగుతుంది. మంచిదే, మా నాయన ఉంటే సంతోషించేవాడు. ఎవరిది ముందొస్తే వాళ్లు వేడిగా తిని లేస్తారు, అందులో తప్పేముంది, ఇప్పుడు ఎవరికీ రైలు తప్పిపోదు. కానీ ఒకరి ప్లేటు కోసం తన ప్లేటు చల్లార్చుకుని కూర్చునే మనిషిని మీరు ఈ మధ్య ఎక్కడన్నా చూశారా? నాకు తెలిసి మా ఇంట్లో ఒక్కడు మిగిలాడు. ఆయనకు దోసె ఇష్టమో, ఇడ్లీ ఇష్టమో, వంకాయ ఇష్టమో నాకు ఇప్పటికీ తెలియదు, ఇక తెలుస్తుందన్న ఆశ కూడా లేదు. చల్లారిపోతాది తినండి అంటే మాత్రం వినడు.